మూడు వందల ఇరవై గ్రాములు

పోయిన ఆదివారం మాంసం కొట్టు దగ్గర నిలబడి ఉన్నాను. అరకిలో తూచి సంచిలో వేసి, కొట్టతను మొద్దు పక్కనున్న గుండెకాయను వేలితో ముందుకు తోశాడు. "ఇది కూడా వేసేదా అక్కా?" అన్నాడు. వెయ్యమన్నాను. రెండు ముక్కలు చేయబోతుంటే ఆపాను. కోయొద్దు, అట్లే ఇవ్వు అన్నాను. వింతగా చూశాడు. ఏం చెప్పను అతనికి? మా మామ పోయి ఇంకా ఏడాది కాలేదు, గుండెకాయ మీద కత్తి చూస్తే నా ఎడమ చెంప ఇప్పటికీ మండుతుంది అని చెప్పనా?

మామ అంటే మా అమ్మకు సొంత అన్న. పేరు చెప్పను. కుందుర్పి దాటినాక వచ్చే మెట్టపల్లెల్లో ఒకదాంట్లో ఉండేవాడు. వాన పడితే వేరుశనగ, పడకపోతే జీవాల కోత. మా సీమలో వాన సంగతి తెలిసిందే కదా, కోతే ఆయన బతుకైంది. ఆదివారం పది ఇండ్లవాళ్లు కలిసి ఒక పొట్టేలును తెచ్చుకుంటారు. మామ కోసి పాళ్లు వేస్తాడు. తక్కెడ ముట్టడు, అంతా చేతి తూకమే. మాంసం, కార్జం, బోటి, గుండెకాయ ముక్క, ప్రతి పాలులోనూ అన్నీ పడాలి. పది పాళ్లూ ఈతాకుల చాప మీద వరసగా పెట్టి, ఎవరికి నచ్చింది వాళ్లు తీసుకోండి అని వెనక్కి తిరిగి నిలబడేవాడు. ఏ పాలు తీసుకున్నా ఒకటే. ఎవరన్నా నా పాలు తక్కువైంది అన్నారో, ఇక వాళ్ల పని అయిపోయినట్టే.

మామ మనుషుల్ని కొట్టేవాడు. ఈ మాట మెత్తగా చెప్పడం నాకు చేతకాదు. ఊరి దగ్గర ఆపకుండా పోయిన బస్సును మరుసటి రోజు రోడ్డు మధ్యలో నిలబడి ఆపి, డ్రైవరును కిటికీలోంచి బయటికి లాగి కొట్టాడు. బోరు వేసి నీళ్లు పడకపోయినా నవ్విన రిగ్గువాడిని కొట్టాడు. కూరలో ఉప్పు చాలలేదని పెళ్లిపందిట్లో వంటవాడిని కొట్టాడు. కొట్టే ముందు అరిచేవాడు కాదు. మాట ఆగిపోయేది. కణత మీద నరం ఉబ్బేది. భుజం మీది తువ్వాలు తీసి పక్కనున్నవాళ్ల చేతికి ఇచ్చేవాడు. తువ్వాలు ఇచ్చాడంటే అవతలివాడు పరిగెత్తాల్సిందే.

కొట్టేది మాత్రం ఎప్పుడూ ఎడమ చేత్తోనే. అందులో ఆయనకో పట్టింపు ఉండేది. కుడి చెయ్యి అన్నం తినేది, కత్తి పట్టేది. మనిషిని కొట్టేదానికి ఎడమ చెయ్యి చాలు అనేవాడు. మా నాయన ఆ తేడా బాగా తెలుసుకున్నాడు. నాకు ఆరేళ్లప్పుడు నాయన తాగొచ్చి మా అమ్మను మోటారు బెల్టుతో కొట్టాడు. ఎవరు కబురు చేశారో, తెల్లారి మొదటి బస్సుకే మామ దిగాడు. అమ్మను నీళ్లకు పొమ్మన్నాడు. తువ్వాలు నా చేతికి ఇచ్చాడు. ఒక్కటే దెబ్బ. నాయన పళ్లు రెండు అరుగు మీద పడ్డాయి. తర్వాత ఇద్దరూ ఎదురెదురుగా కూచుని సంగటి తిన్నారు. నాయన మూతి వాచి తినలేకపోతుంటే మామ ముద్దలు చిన్నవి చేసి ఆయన గిన్నెలో వేశాడు. తిన్నాక చేతికి నీళ్లు పోస్తూ, "ఇంగొకసారి చెయ్యెత్తితే నేను కుడి చెయ్యి వాడాల్సొస్తాది బావా" అన్నాడు. నాయన చచ్చేదాకా అమ్మ మీద మళ్లీ చెయ్యెత్తలేదు.

మరి మామ అత్తను కొట్టలేదా? కొట్టాడు. ఎన్నోసార్లు కొట్టాడు. నేను పెద్దదాన్నయ్యాక ఒకసారి ధైర్యం చేసి ఈ సంగతే అడిగాను. నా చెల్లెలు వేరు, నా పెండ్లాం వేరు అన్నాడు. సిగ్గులేని మాట. ఆ మాట విన్నాక కూడా ఆయన మీద నాకు ప్రేమ చావలేదు. అది నా సిగ్గు.

కోపాన్ని తప్పని ఆయన ఎప్పుడూ అనుకోలేదు. ఉప్పూకారం తినే మనిషికి రోషం ఉండాలనేవాడు. ఉప్పు మాత్రం నిజంగానే తినేవాడు. సంగటి పక్కన కుప్పగా రాళ్లుప్పు, దాంట్లో అద్దుకునేదానికి ఉల్లిగడ్డ. మజ్జిగలో ఉప్పు. ఎండబెట్టిన ఉప్పుకండలు నిప్పుల మీద కాల్చుకుని తింటూ, వాటి మీద మళ్లీ ఉప్పు చల్లుకునేవాడు. ఎండలో చెమట పట్టి పోతుంది కదా అని అత్త కూడా దోసెడు దోసెడు వేసేది.

గుండెకాయ అంటే ఏమిటో నాకు మొదట చూపించింది ఆయనే. నాకు ఎనిమిదేళ్లుంటాయి, ఎండాకాలం సెలవులకు పోయాను. కోత దగ్గరికి ఆడపిల్లల్ని రానివ్వరు, నన్ను రానిచ్చాడు. అప్పుడే తీసిన గుండెకాయ, ఆవిరి లేస్తోంది. కత్తితో ఒక్క గీత గీసి పుస్తకం తెరిచినట్టు తెరిచాడు. నా వేలు పట్టుకుని గోడల మీద ఆనించాడు. "కుడి పక్క పల్చగా ఉండాదా? ఎడమ పక్క చూడు, ఎంత దట్టమో. కష్టం చేసే పక్క దట్టమవుతాది మే. సోమరి పక్క పల్చగా ఉంటాది" అన్నాడు. ఎవరు చెప్పారో, తానే కనిపెట్టాడో తెలియదు. అందులో తప్పేమీ లేదు. పదేళ్ల తర్వాత శిక్షణలో ఆ ప్రశ్న అడిగితే అందరికంటే ముందు చెయ్యెత్తింది నేనే.

ఇప్పుడు నేను అనంతపురంలో ఒక గుండె డాక్టరు దగ్గర ఎకో తీస్తాను. ఛాతీ మీద జెల్లు పూసి, చిన్న ప్రోబు ఆనించి, కొట్టుకుంటున్న గుండెను తెర మీద చూసి కొలతలు రాసే పని. గోడల మందం కొలిస్తే ఎడమ గది కండ బరువు ఎంతో మిషనే గ్రాముల్లో లెక్క కట్టి చూపిస్తుంది.

పోయిన ఉగాది దాటిన వారం, మామ పాళ్లు వేస్తుండగా ముక్కులోంచి నెత్తురు కారి మాంసం మీద పడింది. పక్కింటాయన చూసి చెప్పాడు. మామ మొదట ఆయన్ను కొట్టి, తర్వాత ముక్కు తుడుచుకున్నాడు. నెత్తురు ఆగలేదు. మా అమ్మ ఫోన్ చేసి ఏడిస్తే తప్ప బస్సెక్కలేదు. అత్తను వెంటబెట్టుకుని మా దగ్గరికి వచ్చాడు. బీపీ చూస్తే పైది నూట తొంభై ఎనిమిది. నర్సు నమ్మలేక మళ్లీ పట్టీ కట్టింది. చెయ్యి పిసుకుతాండారేమప్పా అని ఆ పట్టీని ఊడబీకి గోడకేసి కొట్టాడు. బయట కూచున్న రోగులు లేచి నిలబడ్డారు. నేను పోయి చెయ్యి పట్టుకుని ఎకో గదిలోకి తెచ్చాను.

ఎడమ పక్కకు తిరిగి పడుకోమన్నాను. పడుకున్నాడు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ భయపడిన ఛాతీ అది. జెల్లు చల్లగా తగిలేసరికి ఉలిక్కిపడ్డాడు, నాకు నవ్వొచ్చింది. తెర మీద బొమ్మ రాగానే నవ్వు పోయింది. ఒక సెంటీమీటరు దాటకూడని గోడ ఒకటిన్నర దాటి ఉంది. నెత్తురు నిండాల్సిన నల్లటి చోటు సన్నబడిపోయింది. రెండుసార్లు కొలిచాను. ఆయన తల తిప్పి తెరనే చూస్తున్నాడు.

"ఆ అంకె ఏంది పాపా?"

"నీ గుండెలో ఎడమ గది కండ బరువు మామా. మూడు వందల ఇరవై గ్రాములు."

"ఒక్క ఎడమ పక్కేనా?"

"ఒక్క ఎడమ పక్కే."

ఆయన ముఖం వెలిగిపోయింది. జీవితమంతా బరువెక్కువ తూగిన జీవమే మేలైన జీవమని చూసుకున్న మనిషి. ఆ అంకెను ఇంకెట్లా అర్థం చేసుకుంటాడు?

డాక్టరు ఓపిగ్గానే చెప్పాడు. ఏండ్ల తరబడి బీపీ ఎక్కువై, దానికి ఎదురుగా నెత్తురును తోసి తోసి ఆ గోడ లావెక్కిందని, అది బలం కాదని చెప్పాడు. ఆ కండ పెరిగే కొద్దీ గుండెపోటుకు, పక్షవాతానికి, ఉన్నపళంగా గుండె ఆగిపోవడానికి దగ్గరవుతావన్నాడు. రోజూ ఒక మాత్ర వేసుకుని ఉప్పు తగ్గిస్తే ఏడాదికో ఏడాదిన్నరకో మెల్లగా దిగుతుందన్నాడు. మామ చేతులు కట్టుకుని అంతా విన్నాడు. విని నవ్వాడు.

"సార్, మీరు ఎన్ని గుండెకాయలు చీల్చినారు? నేను వేలు చీల్చినా. ఎడమ పక్క దట్టంగా లేని గుండెకాయ నాకు ఒక్కటీ కనపడలే. ఈ పాపకు గుండెకాయ చూపించిందే నేను. అడగండి, చెప్తాది."

డాక్టరు నా వైపు చూశాడు. మామ కూడా చూశాడు. ఆయన బతకడానికి కావలసిన మాట నా నోట్లోనే ఉంది. ఎడమ పక్క దట్టంగా ఉండాల్సిందే మామా, ఇంత దట్టంగా కాదు అంటే చాలు. కానీ ఆ పూట నా పై డాక్టరు ముందు, ఈ పిల్లకు నేర్పింది నేనే అని మామ ఛాతీ విరుచుకుని చెప్పాడు. నాకు గొప్పగా అనిపించింది. ఆ గొప్పను పాడు చేసుకోబుద్ధి కాలేదు. పైగా నలుగురిలో కాదంటే ఏమవుతుందో అన్న పాత భయం. "అవును సార్, మామే చూపించినాడు" అన్నాను. డాక్టరు అడిగింది ఒకటి, నేను చెప్పింది ఒకటి. మామ మాత్రం గెలిచినట్టు లేచి చొక్కా వేసుకున్నాడు.

అత్త మాత్రలు కొంది. మామ వాటిని కత్తుల పెట్టెలో పడేశాడు, కదిలించలేదు. ఊళ్లో మాత్రం అంకె చెప్పుకుని తిరిగాడు. టీ కొట్టు దగ్గర, బస్టాపు దగ్గర, మూడు వందల ఇరవై. పొట్టేలు గుండెకాయ మొత్తం కలిపినా అందులో సగం తూగదప్పా అని. ఒక కుర్రాడు, అయితే నువ్వు మనిషివి కాదు దున్నపోతువి అన్నందుకు వాడి చెవి పగిలింది. అత్త ఫోన్లో ఇవన్నీ చెప్పి, మాత్రలు ముట్టలేదని ఏడ్చేది. నేను ఫోన్లోనే బతిమాలుకున్నాను. నేను నేర్పించిందే నాకు చెప్తాండావా మే అని పెట్టేసేవాడు. అట్లా మూడు నెలలు పోయాయి.

ఆషాఢంలో ఒక ఆదివారం కళ్యాణదుర్గంలో బస్సు మారి నేనే పోయాను. గాలి దుమ్ము కొడుతోంది, ఆకాశంలో మబ్బు లేదు. మామ వేపచెట్టు కొమ్మకు పొట్టేలును వేలాడదీసి పనిలో ఉన్నాడు. ఏం, చెప్పకుండా వస్తివే అన్నాడు, ముఖం నిండా సంతోషం. పది ఇండ్లవాళ్లూ చుట్టూ ఉన్నారు. గుండెకాయ తీసి కోయబోతుంటే, కోయకుండా ఇట్లా ఇవ్వమని అడిగి తీసుకున్నాను. పైనున్న రంధ్రంలోంచి ఆయన బొటనవేలిని పట్టి ఎడమ గదిలోకి దూర్చాను.

"చోటు ఉండాదా మామా?"

"ఉండాది."

"అది నెత్తురు నిండే చోటు. నీ గుండెకాయలో ఆ చోటు చాలా తగ్గిపోయింది. గోడ లోపలికి పెరిగింది. నేను కళ్లారా చూసినా. ఆ పొద్దు చెప్పకుండా నోరు మూసుకున్నా. తప్పు నాదే."

మామ వేలు ఇంకా లోపలే ఉంది.

"నువ్వు చెప్పింది నిజమే, కష్టం చేసే పక్క దట్టమవుతాది. కానీ దానికి నెత్తురు పారించే కాలవలు పెరగలే. రెండెకరాల బోరు కింద ఐదెకరాలు పెడితే ఏమవుతాదో నీకు నేను చెప్పాల్నా? చేను ఒక్కసారిగా ఎండిపోతాది మామా. మూడు వందల ఇరవై గ్రాములు నీ బలం కాదు. నిన్ను చంపేది అదే."

మాట ఆగింది. కణత నరం ఉబ్బింది. తువ్వాలు ఎవరికీ ఇవ్వలేదు. గుండెకాయను చాప మీద వదిలేసి నన్ను కొట్టాడు, కుడి చేత్తో.

కింద పడ్డాను. చెవిలో హోరు. లేచి చూస్తే ఆయన తన కుడి చేతినే చూసుకుంటూ నిలబడి ఉన్నాడు. నా చెంప మీద పొట్టేలు నెత్తురు, ఐదు వేళ్లూ తేలి ఉన్నాయట. కడుక్కోకుండా అట్లే బస్సెక్కాను. చూసేవాళ్లు చూడనీ అనుకున్నాను. కళ్యాణదుర్గం దాకా ఎవరూ నా పక్కన కూచోలేదు. ఈ మనిషి చచ్చినా మళ్లీ ఈ గడప తొక్కను అని అమ్మకు ఫోన్లో చెప్పాను. ఆ మాట నోటివెంట ఎందుకొచ్చిందో.

రెండు వారాల తర్వాత ఆదివారం సాయంత్రం, మామ ఊరి బస్సు కండక్టరు మా ఇంటికి ఒక స్టీలు క్యారియరు తెచ్చిచ్చాడు. మీ మామ ఇచ్చినాడమ్మా అన్నాడు. మూత తీస్తే కోయని గుండెకాయ. ఒళ్లు మండిపోయింది. కొట్టింది చాలక ఎగతాళి కూడానా అనుకున్నాను. వీధి చివరికి పోయి కుక్కలకు వేశాను. క్యారియరు కడిగి తిరిగి పంపలేదు కూడా.

తర్వాత నాలుగు ఆదివారాలకు మామ చచ్చిపోయాడు. ఎట్లా పోయాడో నాకు చెప్పింది పక్కింటాయన, ముక్కులో నెత్తురు సంగతి చెప్పి తన్నులు తిన్న ఆయనే. పాళ్లు వేస్తున్నాడట. గుండెకాయను కోయకుండా దాంట్లో వేలు దూర్చి చాలాసేపు చూశాడట. ఈయన ఉండబట్టలేక, వేలు పెట్టి కెలికిన గుండెకాయ మాకొద్దప్పా అన్నాడట. మామ తువ్వాలు అత్త చేతికిచ్చి, ఎడమ చేత్తో ఈయన గొంతు పట్టి గోడకు ఎత్తాడు. కాళ్లు నేల మీద లేవు. కండ్లు బయటికొస్తున్నాయి. ఇంక చచ్చినా అనుకున్నాడట.

"ఉన్నట్టుండి పట్టు వదిలింది పాపా. నన్ను వదిలిపెట్టినాడేమో అనుకున్నా. చూస్తే ఆయప్పే కూలిపోతాండాడు. నా భుజం పట్టుకోబోయినాడు, అందలే" అన్నాడు. గొంతు మీద వేళ్ల గుర్తులతోనే ఆయన మామ తలను ఒళ్లో పెట్టుకుని నీళ్లు పోశాడు. నీళ్లు లోపలికి పోలేదు.

దినాల తర్వాత అత్త కత్తుల పెట్టె తెరిచి నా ముందు పెట్టింది. కత్తుల కింద మాత్రల అట్టలు. ముట్టలేదనుకున్నవి. నాలుగు అట్టలు పూర్తిగా ఖాళీ, ఐదోదాంట్లో రెండు గళ్లు ఖాళీ. నన్ను కొట్టిన మరునాటి నుంచి మొదలుపెట్టాడట, ఎవరికీ చెప్పొద్దని అత్త చేత ఒట్టేయించుకున్నాడట. ఉప్పు గిన్నెను కూడా తానే దూరంగా జరిపేవాడట. రోజూ పొద్దున మాత్ర వేసుకునేది కుడి చేత్తో కాదంట, ఎడమ చేత్తో. ఆ కుడి చేత్తో అన్నం కూడా సరిగ్గా తినలేదమ్మా అంది అత్త.

నాలుగు అట్టలు, రెండు మాత్రలు. డాక్టరు చెప్పిందేమో ఏడాది, ఏడాదిన్నర. నేను నోరు మూసుకోవడంతో పోయిన మూడు నెలలు కలిపినా చాలేవి కావేమో. చాలేవేమో. డాక్టరును అడిగితే, అది ఎవరూ చెప్పలేరమ్మా అన్నాడు. నాకు ఆ మాట సరిపోలేదు, ఇప్పటికీ సరిపోదు.

"నీకు గుండెకాయ పంపినాడు కదా, దాన్ని ఏం చేస్తివి?" అని అత్త అడిగింది. వండుకున్నాం అని అబద్ధం చెప్పాను.

"పొద్దుటి నుంచి నాలుగు ఊర్లు తిరిగి, అన్నిట్లోనూ వేలు పెట్టి చూసి, ఉన్నవాట్లో మంచిది పట్టుకొచ్చినాడు. దీంట్లో చోటు బాగుండాది, పాపకు పంపుతా అన్నాడు. తప్పైంది అనే మాట ఆ నోటికి ఏపొద్దూ రాలేదు కదా."

పోయిన ఆదివారం కొట్టతను కోయకుండా ఇచ్చిన గుండెకాయను ఇంటికి తెచ్చి కడిగాను. వంటింట్లో ఎవరూ లేరు. పైనున్న రంధ్రంలోంచి బొటనవేలు దూర్చి ఎడమ గదిలో చూశాను.

చోటు బాగుండాది మామా.